ఫోన్ ఫార్మాట్ కొట్టించే ముందు

సంపాదకులు గారికి నమస్కారం.

గత ఆదివారం మీ ఉత్తరాల పేజీలో ఒక రిటైర్డ్ మాస్టారు రాసింది చదివాను. పిల్లలకు ఫోన్లు కొనిచ్చే తల్లిదండ్రులదే తప్పంతా అని, పదహారేళ్లు నిండేదాకా చేతికి ఫోన్ ఇవ్వనే కూడదని రాశారు. ఆయన బాధ అర్థమైంది. కానీ ఆ తప్పులో వాటా ఉన్నవాడు ఇంకొకడున్నాడు, ఆయన లెక్కలోకి రాలేదు. వాడు నేనే. రాజాంలో నాకో సెల్ షాపు ఉంది. ఫోన్లు అమ్ముతాను, బాగుచేస్తాను, రీచార్జిలు చేస్తాను, టఫెన్డ్ గ్లాసులు అతికిస్తాను. రాజాంలో ఇలాంటి షాపులు వీధికి రెండున్నాయి కాబట్టి ఇంతవరకు చెబితే ఇబ్బంది లేదు. అంతకుమించి నా పేరు గానీ షాపు పేరు గానీ వేయకండి. నా పరువు కోసం కాదు. నేను రాయబోయేది ఫోన్‌లో మోసపోయిన మా బంధువుల పిల్ల సంగతి. ఆ పిల్ల ఎవరో తెలిసేలా పత్రికలో ఏదీ రాకూడదని చట్టమే ఉంది. అందుకే ఊరు చెప్పను, తరగతి, నెలలు కొంచెం అటూ ఇటూ మార్చాను. నన్ను మావయ్యా అంటుంది, అంతవరకు చాలు.

2023 పెద్దపండక్కి ఆ పిల్ల అమ్మానాన్నలు హైదరాబాద్ నుంచి వచ్చారు. మా వైపు ఇళ్ల సంగతి మీకు తెలియనిది కాదు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి హైదరాబాద్‌కీ చెన్నైకీ భవనాల పనులకు వెళ్లినవాళ్లు పిల్లల్ని అమ్మమ్మల దగ్గరో నాయనమ్మల దగ్గరో వదిలి వెళ్తారు. రోజూ రాత్రి ముఖం చూసుకోవాలంటే వీడియో కాల్ ఒక్కటే దారి. ఆ ఇంట్లో ఫోన్ అంటే ఆటవస్తువు కాదు, అమ్మ. ఇవ్వకండి అని మాస్టారు ఒక్క మాటలో తేల్చేశారు గానీ, ఆ ఇంటికి ఆ మాట చెప్పడానికి నాకైతే నోరు రాదు.

భోగి ముందురోజు సాయంత్రం షాపు నిండా జనం. పదకొండు వేల ఫోన్, పౌచ్ ఫ్రీ. పిల్లకి అప్పుడు పన్నెండేళ్లు. మెయిల్ ఐడీ పెడుతుంటే పుట్టిన తేదీ అడిగింది. అసలు సంవత్సరం కొడితే ఏమవుతుందో నాకు తెలుసు. పదమూడేళ్ల లోపు పిల్లలైతే అమ్మదో నాన్నదో ఖాతా కలపమంటుంది, వాళ్ల పాస్‌వర్డ్ కావాలంటుంది. వాళ్ల నాన్న మెయిల్ కూడా ఎప్పుడో ఏ షాపువాడో పెట్టిచ్చినదే, దాని పాస్‌వర్డ్ ఆ మనిషికి తెలియదు. వెనక ఆరుగురు నిలబడి ఉన్నారు. నేను 1990 అని కొట్టేశాను. మా షాపుల్లో అది అలవాటు. ఒకడు 1990 కొడితే ఇంకొకడు 1995 కొడతాడు. మూడు నిమిషాల్లో పని అయిపోయింది. పిల్ల ఫోన్ అందుకుని, "ఇంకేదైనా యాప్ వయసు అడిగితే ఏటి కొట్టాలి మావయ్యా?" అంది. "అక్కడా అదే కొట్టు, లేకపోతే ఒప్పుకోదు" అన్నాను. అబద్ధం నేను చెప్పడమే కాకుండా పిల్లకి కూడా నేర్పాను.

ఆ ఒక్క అంకెతో ఏం పోయిందో తర్వాత కూర్చుని లెక్క చూసుకున్నాను. గూగుల్‌లో ఫ్యామిలీ లింక్ అని ఒకటుంది. పిల్లల ఫోన్‌లో ఏ యాప్ ఎక్కాలన్నా పెద్దవాళ్ల ఫోన్‌కి అనుమతి అడుగుతూ మెసేజ్ వస్తుంది. హైదరాబాద్‌లో ఉన్న తల్లి కూడా అక్కడి నుంచే సరే అనో వద్దు అనో నొక్కవచ్చు. అది పోయింది. ఇన్‌స్టాగ్రామ్‌లో పదమూడేళ్ల లోపు వాళ్లకు అసలు ఖాతానే ఇవ్వకూడదు. 2025 నుంచి మన దేశంలో కూడా పద్దెనిమిదేళ్ల లోపు వాళ్లకు టీన్ అకౌంట్లు పెట్టారు. ఖాతా దానంతటదే ప్రైవేటులో ఉంటుంది, పరిచయం లేనివాళ్లు మెసేజ్ పెట్టలేరు, పదహారు నిండని పిల్ల ఆ రక్షణలు తీసేయాలంటే పెద్దవాళ్లు ఒప్పుకోవాలి. ఇవన్నీ నడిచేది పుట్టిన సంవత్సరం మీదే. 1990లో పుట్టిన మనిషికి ఇవేవీ వర్తించవు. కంపెనీ లెక్కలో మా పన్నెండేళ్ల పిల్ల ముప్పైమూడేళ్ల ఆడమనిషి.

మా ఊళ్లలో కొత్త మనిషి వీధిలోకి వస్తే రచ్చబండ దగ్గర ముసలాయన అయినా అడుగుతాడు, "ఎవరి తాలూకా బాబూ?" అని. జవాబు చెప్పకుండా రెండో వీధి దాటలేడు. చెప్పిన జవాబు నిజమో కాదో తేల్చడానికి ఇంకో ముసలామె ఉంటుంది. ఫోన్‌లోకి వచ్చిన మనిషిని ఎవరి తాలూకా అని అడిగేవాళ్లు లేరు. పైగా అక్కడ ప్రశ్నలు వాడే అడుగుతాడు.

పిల్ల ఆడే గేమ్‌లో మాటలు రాసుకునే వీలుంది. అందులో ఒక "అక్క" పరిచయమైంది. కాకినాడలో డిగ్రీ చదువుతున్నానంది. మొదటి వారం అంతా ఆటే. గేమ్‌లో బొమ్మకి వేసే బట్టలు కొనిచ్చింది. తర్వాత అడిగినవి చూడండి: ఏ క్లాసు? ఫోన్ నీ ఒక్కదానిదేనా, ఇంట్లో అందరిదీనా? అమ్మా నాన్నా ఎక్కడుంటారు? అమ్మమ్మకి ఫోన్ చూడ్డం వచ్చా? ఎన్నింటికి పడుకుంటుంది? మనకు ఇవి ఆప్యాయంగా అడిగినట్టుంటాయి. పిల్లకీ అలాగే అనిపించింది. ఆ రోజుల్లో ఈ అయిదూ అడిగినవాళ్లు ఇంట్లో ఎవరూ లేరు మరి. దొంగ ఇంటి చుట్టూ తిరిగి ఏ కిటికీకి గడియ లేదో చూసుకోవడం కూడా ఇలాగే ఉంటుంది. ఆ తర్వాత గేమ్ నుంచి ఫోటోల యాప్‌కి, అక్కడి నుంచి చదవగానే మెసేజ్‌లు మాయమైపోయే ఇంకో యాప్‌కి మార్చింది. "మా అమ్మ కూడా ఇంతే, ఊరికే తిడుతుంది, ఇది మనిద్దరి మధ్యే ఉండనీ" అంది. ముందు మామూలు ఫోటోలు అడిగింది, తర్వాత మామూలువి కానివి. ఒక్కటి వెళ్లాక గొంతు మారిపోయింది. అప్పటికి తెలిసింది అది అక్క కాదని.

మాది తాండ్ర పాపారాయుడి ఊరు. 1757లో బొబ్బిలి కోట మీద దాడి జరుగుతుంటే రాజాంలో ఉన్న ఆయనకు కబురు చేరకుండా దారులు కాసేశారని మా తాత చెప్పేవాడు. ఈ "ఇంట్లో చెప్పకు" అనే మాట అలాంటిదే. వాడు ముందు చేసేది దారి కాయడం.

పిల్ల ఆ దారి దాటాలని ఒకసారి చూసింది. నా షాపు దాకా వచ్చింది కూడా. అది నేను మరిచిపోలేను.

రెండుసార్లు వచ్చి గేమ్ రీచార్జి కోడ్ కొనుక్కుంది, అయిదు వందలవి. "ఏటే, ఇన్ని డబ్బులెక్కడివి?" అంటే "దాచుకున్నాను మావయ్యా, అమ్మమ్మకి సెప్పకు" అంది. నేను నవ్వి ఊరుకున్నాను. అమ్మకం అయింది కదా. నిజానికి ఆ కోడ్‌ల నంబర్లు ఫోటో తీసి వాడికి పంపుతోంది. ఫోటోలు అందరికీ పంపుతానని బెదిరిస్తే పిల్లలు ఇచ్చేది ఇలాగే, బ్యాంకు ఖాతా లేదు కదా. మూడోసారి వచ్చినప్పుడు కోడ్ అడగలేదు. గోడకు వేలాడే పౌచ్‌లు ఒక్కొక్కటే పట్టుకుని చూస్తూ చాలాసేపు నిలబడింది. నేను ఎవరిదో ఛార్జింగ్ పిన్ మారుస్తూ తల ఎత్తలేదు. "ఏం కావాలి తల్లీ" అన్నాను, కళ్లు మాత్రం పిన్ మీదే. "ఏటీ లేదు మావయ్యా" అని వెళ్లిపోయింది. చాలా రోజుల తర్వాత చెప్పింది, ఆ రోజు చెప్పేద్దామనే వచ్చిందట.

ఆ తర్వాత పది రోజులకు అమ్మమ్మ గమనించింది. రాత్రిళ్లు పెరట్లో నూతి దగ్గర కూర్చుంటోందని, అన్నం కెలికి లేచిపోతోందని కూతురికి ఫోన్ చేసింది. తండ్రి రాత్రికి రాత్రి బస్సెక్కి వచ్చాడు. వచ్చి ఏం చేశాడో రాయడం ఇష్టం లేదు, మీరు ఊహించగలరు. అతను చెడ్డవాడు కాదు. భయపడ్డ మనిషి చెయ్యి ముందు ఎవరి మీద పడాలో వాళ్ల మీద పడదు, దగ్గరున్నవాళ్ల మీద పడుతుంది. పొద్దున్నే ఫోన్ తెచ్చి నా కౌంటర్ మీద పడేశాడు. "అంతా తుడిసేయ్ బావా. అందులో ఏటీ మిగలకూడదు" అన్నాడు.

తుడిచేశాను. ఫ్యాక్టరీ రీసెట్. ఒక్క నిమిషం. అంతా శుభ్రం అనుకున్నాం ఇద్దరమూ. టీ కూడా తాగాం.

నాలుగో రోజు తండ్రి నంబరుకే మెసేజ్ వచ్చింది, డబ్బులు పంపమని. మేం తుడిచింది మా దగ్గరున్నదే. వాడి దగ్గరున్నది వాడి దగ్గరే ఉంది. అప్పుడు పోలీసుల దగ్గరకు వెళ్లాం. ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఆడపిల్లని స్టేషన్ చుట్టూ తిప్పుతారని మా వాళ్లందరూ భయపెట్టారు. అలా జరగలేదు. ఒక మహిళా ఎస్సై చుడీదార్‌లో ఇంటికే వచ్చారు, పంచలో మంచం మీద పిల్ల పక్కన కూర్చుని మాట్లాడారు. అది ఆవిడ మంచితనం అనుకున్నాను. మంచితనమే, కాదనను. కానీ చట్టం కూడా అలాగే ఉందట. పిల్లల మీద జరిగే లైంగిక నేరాల కోసం తెచ్చిన 2012 పోక్సో చట్టంలో 24వ సెక్షన్ ప్రకారం పిల్లల మాటను వాళ్ల ఇంట్లోనో వాళ్లకు నచ్చిన చోటో, వీలైనంతవరకు మహిళా ఎస్సై స్థాయి అధికారి, యూనిఫాం లేకుండా రాసుకోవాలి. రాత్రిపూట ఏ కారణంతోనూ పిల్లల్ని స్టేషన్‌లో ఉంచకూడదు. ఈ రెండు వాక్యాలు మా వాళ్లకి ముందే తెలిసి ఉంటే నాలుగు రోజులు ఆగేవాళ్లం కాదు.

ఆవిడ అడిగారు: చాట్ ఉందా? వాడి యూజర్ నేమ్? ఏ నంబరు? ఏ తేదీల్లో? తండ్రికి వచ్చిన ఆ మెసేజ్ తప్ప ఒక్కదానికీ జవాబు లేదు. ఎవరు తుడిచారు అన్నారు. చెయ్యెత్తాను, బడిలో లాగ. "మీరు తుడిచింది మా కేసే కదండీ" అన్నారు. తిట్టలేదు. తిడితే బాగుండేది.

కొంత ఉపయోగపడింది ఏమిటంటే, ఆ పిల్ల లెక్కల నోట్సు వెనక అట్ట మీద గేమ్‌లో వాడి ఐడీ నంబరు పెన్సిల్‌తో రాసుకుంది, మొదట్లో స్నేహం కలుపుకోవడానికి. రెండు సార్లు కొన్న కోడ్‌ల బిల్లులు నా పుస్తకంలో ఉన్నాయి. అవి ఇచ్చాం. ఇప్పుడు కేసు నడుస్తోంది, అంతకంటే నేను రాయకూడదు.

నా వృత్తి విషయం కాబట్టి ఈ ఫార్మాట్ గురించి కొంచెం వివరంగా చెబుతాను, విసుక్కోకండి. పాత కీప్యాడ్ ఫోన్ల కాలంలో మెమరీ కార్డులో చెరిపేసినవి సాఫ్ట్‌వేర్ పెట్టి తిరిగి రప్పించేవాళ్లం. పెళ్లి ఫోటోలు అలా ఎన్ని రప్పించానో. ఆ నమ్మకంతో జనం ఇప్పటికీ "పోలీసులు అనుకుంటే తీసేస్తారు లెండి" అంటారు. ఇప్పటి ఫోన్లు లోపల ఉన్నదంతా తాళం వేసి దాచుకుంటాయి. రీసెట్ కొడితే ఆ తాళంచెవే పోతుంది. సమాచారం లోపల ఉన్నా చదవడానికి రాదు. మా లాంటి షాపువాళ్లు చేతిలోకి ఫోన్ తీసుకుని "అయిపోతుంది అన్నా, అయిదు నిమిషాలు" అన్నామంటే నిజంగానే అయిపోయినట్టు.

ఇంకో నష్టం నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. పద్దెనిమిదేళ్ల లోపు వయసులో తీసిన అలాంటి ఫోటోలు బయట తిరగకుండా ఆపడానికి టేక్ ఇట్ డౌన్ అని ఒక ఉచిత సేవ ఉంది. అమెరికాలో తప్పిపోయిన పిల్లల కోసం పనిచేసే జాతీయ కేంద్రం 2023లో మొదలుపెట్టింది. ఏ దేశం పిల్లలైనా వాడుకోవచ్చు, పేరు చెప్పక్కర్లేదు. ఫోటో ఎవరికీ పంపక్కర్లేదు, అది ఫోన్ దాటి వెళ్లదు. ఆ ఫోటోకి వేలిముద్ర లాంటి ఒక సంఖ్యను ఫోన్‌లోనే తయారుచేసి, ఆ సంఖ్యను మాత్రమే అందులో చేరిన కంపెనీలకు ఇస్తారు. అదే ఫోటో మళ్లీ ఎవరైనా ఎక్కించబోతే ఆ వేలిముద్రతో పట్టుకుంటారు. కానీ వేలిముద్ర తీయాలంటే ఫోటో ఫోన్‌లో ఉండాలి కదా. మేం దాన్ని కూడా తుడిచేశాం.

అందుకని నా విన్నపం ఇది. ఇంట్లో ఇలాంటిది బయటపడితే ఫార్మాట్ వద్దు, యాప్ తీసేయడం వద్దు, వాడిని బ్లాక్ చేయడం కూడా ఒక్క పది నిమిషాలు ఆపండి. ముందు వాడి ప్రొఫైల్ పేజీ, యూజర్ నేమ్, ఫోన్ నంబరు ఉంటే అది, బెదిరింపు మెసేజ్‌లు తేదీ, టైముతో సహా స్క్రీన్‌షాట్ తీయండి. మాయమైపోయే మెసేజ్ అయితే ఇంకో ఫోన్‌తో ఆ తెర ఫోటో తీయండి. పిల్ల ఫోటోలకు మాత్రం స్క్రీన్‌షాట్ తీయొద్దు, ఎవరికీ పంపొద్దు. అవి ఉన్న ఫోన్‌లోనే ఉండనిచ్చి ఆ ఫోన్‌నే పోలీసులకు ఇవ్వండి. ఇది ఎందుకు అంత గట్టిగా చెబుతున్నానంటే, మా కేసులో తండ్రి కంగారులో ఒక ఫోటోను తమ్ముడికి వాట్సాప్ చేసి "ఏం చేద్దాంరా" అని అడిగాడు. ప్రేమతోనే. కానీ పిల్లల అలాంటి చిత్రాలు ఒకరికి పంపడం సమాచార సాంకేతిక (ఐటీ) చట్టం 67బీ సెక్షన్ కింద నేరం. దగ్గర ఉంచుకోవడం, చూడడం కూడా నేరమేనని 2024 సెప్టెంబరులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. మా షాపులకు పంపి "ఇది మార్ఫింగా కాదా చూడు" అని అడగకండి. మాకు చూసే హక్కు లేదు.

డబ్బు వెళ్లి ఉంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, ఎంత తొందరగా చేస్తే డబ్బు ఆగే అవకాశం అంత ఎక్కువ. పిల్లల విషయంలో ఏ సాయానికైనా 1098, ప్రాణభయం అనిపిస్తే 112. సైబర్‌క్రైమ్ డాట్ జీఓవీ డాట్ ఇన్ అనే కేంద్ర ప్రభుత్వ పోర్టల్‌లో స్త్రీలు, పిల్లల మీద జరిగే నేరాలకు వేరే విభాగం ఉంది, అందులో పేరు చెప్పకుండా కూడా ఫిర్యాదు పెట్టవచ్చు. కలవరంలో ఉన్న మనిషికి వెబ్‌సైటు తెరవడం చేత కాకపోతే ఊళ్లో సచివాలయానికి వెళ్లి అక్కడివాళ్లని అడగండి. ఇంకోటి, తెలిసీ చెప్పకపోవడం కూడా నేరమేనని పోక్సో చట్టంలో ఉంది. 19వ సెక్షన్ ఎవరైనా చెప్పి తీరాలంటుంది, చెప్పకపోతే 21వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు. ఎవరైనా అంటే అందులో సెల్ షాపువాడూ ఉన్నాడు. పరువు పేరుతో దాచే పెద్దమనుషులకు ఈ ముక్క చదివి వినిపించండి.

ఇదంతా ఆడపిల్లల గొడవే అనుకునేవాళ్ల కోసం ఒకటి చెప్పాలి. నిరుడు వానాకాలంలో ఒక రాత్రి షట్టర్ దించబోతుంటే ఒక కుర్రాడు వచ్చాడు. పదో తరగతి ఉంటుంది, మీసం ఇంకా సరిగ్గా రాలేదు. తడిసిపోయి ఉన్నాడు. ఫోన్ మీద రెండు వందల నోటు పెట్టి, "అన్నా, ఫార్మాట్ కొట్టేయ్" అన్నాడు. ఫోన్ బాగానే ఉంది, హ్యాంగ్ అవడం లేదు, మెమరీ సగం ఖాళీ. పాతరోజుల్లో అయితే డబ్బు తీసుకుని కొట్టేసేవాడిని. ఈసారి స్టూలు జరిపి కూర్చోమన్నాను. ఛార్జింగ్ పిన్ పక్కన పెట్టాను. "ఎవడైనా బెదిరిస్తున్నాడా?" అన్నాను. అంతే, వాడు ఏడ్చిన ఏడుపు నేను ఎవరి చావుకీ చూడలేదు. ఎవరో అమ్మాయి పేరుతో వీడియో కాల్ చేసి, వీడిని మాయలో పెట్టి రికార్డు చేశారట. ఫోన్‌లో ఉన్న పేర్లన్నిటికీ పంపుతామన్నారట. తండ్రి ఫోన్ నుంచి మూడుసార్లు డబ్బు పంపాడు, అప్పటికే. "నాన్నకి తెలిస్తే సంపేస్తాడు" అన్నాడు. నేను వాళ్ల నాన్నకి ఫోన్ చేసి ముందు రెండు మాటలు చెప్పాను: మీవాడు తప్పు చేయలేదు, మీవాడి మీద దొంగతనం జరిగింది. చెయ్యి చేసుకోనని మాట ఇస్తేనే షాపు ఎక్కడో చెబుతానన్నాను. వచ్చాడు. గొడుగు కూడా తేలేదు, పరిగెత్తుకొచ్చాడు. కొడుకుని పట్టుకుని చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆ ఫోన్ నేను ముట్టుకోలేదు. స్క్రీన్‌షాట్లు వాళ్లతోనే తీయించి, నా కౌంటర్ మీద నుంచే 1930కి చేయించాను. రెండు వందల నోటు వాడి జేబులోనే పెట్టాను. మగపిల్లల దగ్గర అడిగేది ఎక్కువగా డబ్బు, ఆడపిల్లల దగ్గర అడిగేది మరిన్ని ఫోటోలు అని ఈ రెండు చోట్లా నాకు అనిపించింది. నేను చూసింది కొద్దే కాబట్టి అదే రూలు అనను.

మీ పత్రికల వాళ్లతో కూడా ఒక గొడవ ఉంది నాకు, ఉత్తరం పక్కన పడేయకుండా చదవండి. పద్నాలుగేళ్ల పిల్లని నలభై ఏళ్లవాడు ఫోన్‌లో మోసం చేస్తే "ఇన్‌స్టా ప్రేమ విషాదం" అని హెడ్డింగులు వస్తున్నాయి. అది ప్రేమ ఎలా అవుతుంది? పోక్సో చట్టంలో పద్దెనిమిది నిండని ప్రతి ఒక్కరూ బాలలే, వాళ్లు సరేనన్నారన్న మాటకు అందులో విలువ లేదు. ఎలక్ట్రానిక్ సాధనాలతో పిల్లల వెంటపడడం, వాళ్ల ఫోటోలు పెడతానని బెదిరించడం, చెడు ఉద్దేశంతో చేస్తే 11వ సెక్షన్‌లో లైంగిక వేధింపే. అలాంటి హెడ్డింగు మా పిల్ల చదివితే తనదే ఏదో ప్రేమకథ అనుకుని తల దించుకుంటుంది. వాడేమో తలెత్తుకు తిరుగుతాడు.

ఇక మాస్టారు రాసిన నిషేధం సంగతి. ఆస్ట్రేలియాలో 2025 డిసెంబరు 10 నుంచి పదహారేళ్ల లోపు పిల్లలకు సోషల్ మీడియా ఖాతాలు ఆపేశారు. మన దగ్గర కూడా తెస్తే నేను వద్దనను. మన 2023 డేటా రక్షణ చట్టంలో ఇప్పటికే పద్దెనిమిదేళ్ల లోపు వాళ్ల వివరాలు తీసుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి కావాలని ఉంది. కానీ ఏ చట్టం వచ్చినా, భోగి ముందురోజు సాయంత్రం రద్దీలో నా కౌంటర్ మీద 1990 అని నాలుగు అంకెలు కొట్టడంతో అది అక్కడే చచ్చిపోతుంది. 2022 డిసెంబరులో ప్రభుత్వం ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబులు ఇచ్చినప్పుడు చదువు తప్ప ఇంకేమీ రాకుండా లాక్ పెట్టి ఇచ్చింది. నెల తిరక్కుండా లాక్ తీయమని పిల్లలు మా షాపులకు వచ్చారు, కొందరితో పెద్దవాళ్లు కూడా వచ్చారు. నేను తీయలేదని గొప్పలు చెప్పను, ప్రయత్నించాను, నాకు చేత కాలేదు. చేతనైనవాళ్ల పేర్లు వినబడ్డాయి.

కాబట్టి పోలీసు వారు, విద్యాశాఖ వారు బడుల్లో అవగాహన సదస్సులు పెట్టినప్పుడు ఊళ్లో సెల్ షాపులవాళ్లనూ పిలవండి. ముందు వరసలో కూర్చోబెట్టండి. మేం రాకపోతే మా షాపులకే రండి. కొత్త సిమ్ అమ్మేటప్పుడు కేవైసీ అడిగినట్టే, పిల్లకోసం కొంటున్న ఫోన్‌కి అసలు పుట్టిన సంవత్సరమే కొట్టాలని మా షాపులవాళ్లం అందరం ఒక మాట మీద ఉంటే చాలావరకు అక్కడే ఆగుతుంది. నేను ఒక్కడినే అలా చేస్తే ఏమవుతోందో తెలుసా? "పక్క షాపులో అడగరు" అని లేచి వెళ్లిపోతున్నారు. దసరా సీజన్లో నాలుగు ఫోన్లు అలా పోయాయి. నలుగురూ మా వాళ్లే, రేపు కనబడితే పలకరించేవాళ్లే. నాకు కోపం కూడా రాలేదు, నిరుటిదాకా వాళ్లకి ఆ అలవాటు చేసింది నేనే కదా.

ఈ పెద్దపండక్కి ఆ పిల్ల తమ్ముడికి ఫోన్ కొనడానికి మళ్లీ అందరూ వచ్చారు. వాడు 2014లో పుట్టాడు. తండ్రి నా మొహం చూడకుండా, కొత్తది ఏదైనా పర్లేదు బావా, అన్నాడు. నేను డబ్బా తెరుస్తుంటే పిల్ల చెయ్యి చాపి, "సంవత్సరం నేను కొడతాను మావయ్యా, ఇటివ్వు" అంది. కొట్టింది. తల్లిదండ్రుల ఖాతా కలపమని అడిగింది ఫోన్. తండ్రికి పాస్‌వర్డ్ గుర్తు లేదు. తల్లి పాత సిమ్‌కి ఓటీపీ వెళ్లింది, ఆ సిమ్ హైదరాబాద్‌లో ఉండిపోయింది. చివరికి తల్లికి కొత్త మెయిల్ పెట్టి, ఆవిడ చేతే పాస్‌వర్డ్ రెండుసార్లు రాయించి, అంతా కలపడానికి ముప్పావు గంట పట్టింది. ఈలోగా ముగ్గురు కస్టమర్లు గొణుక్కుంటూ వెళ్లిపోయారు. పిల్ల మాత్రం స్టూలు మీద కూర్చుని, తమ్ముడికి ఏ యాప్‌కి సరే అనాలో దేనికి వద్దనాలో వాళ్లమ్మకి నేర్పుతూనే ఉంది.

ఇట్లు,
ఒక సెల్ షాపు యజమాని,
రాజాం, విజయనగరం జిల్లా